బికినీ వ్యాక్స్ తర్వాత పొక్కులు: పిన్ను పక్కన పెట్టి కాపడం పెట్టండి

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం, కొత్తగా చదివేవాళ్లకూ అర్థమవుతుంది. మీకు 27 ఏళ్లు. అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత నేర్చుకుంటున్నారు, అందుకోసం బికినీ వ్యాక్స్, అంటే గజ్జల అంచు వెంట్రుకలు వ్యాక్స్‌తో తీయించుకోవడం, మొదలుపెట్టారు. రెండోసారి చేయించుకుని 12 రోజులైంది. గజ్జల అంచున ఆరేడు గట్టి పొక్కులు లేచాయి. దురద పెడుతున్నాయి, నడుస్తుంటే బట్ట ఒరుసుకుని మంట పుడుతోంది. ఒకదానిలో నల్లగా వెంట్రుక కనబడితే సేఫ్టీ పిన్నుతో గుచ్చి లాగారు. రక్తం వచ్చింది, ఇప్పుడక్కడ నల్ల మచ్చ మిగిలింది. వచ్చే వారం మళ్లీ వ్యాక్స్ చేయించుకుంటే మిగతా వెంట్రుకలు కూడా దాంతోపాటే వచ్చేస్తాయి కదా అని అడుగుతున్నారు.

రావు. ఇవి చర్మం లోపలికి తిరిగి పెరిగిన వెంట్రుకల వల్ల లేచిన పొక్కులు. వచ్చే వారం వ్యాక్స్ వద్దు. పిన్ను అసలే వద్దు. రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చటి గుడ్డతో పది, పదిహేను నిమిషాలు కాపడం పెట్టండి, వదులుగా ఉండే కాటన్ బట్టలు వేసుకోండి, చేతులు అటు పోనివ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి వీటిలో చాలావరకు ఒకటి రెండు వారాల్లో వాటంతటవే తగ్గిపోవాలి. తగ్గకపోయినా, చీము పట్టి పెద్దవైనా స్కిన్ డాక్టర్‌కి చూపించండి. మీకు కావలసిన జవాబు ఇంతే. మిగతాది ఓపిక ఉంటే చదవండి, ఎందుకంటే మూడోసారి కూడా ఇదే జరగకుండా చూసుకోవడం అసలు పని.

నేను విజయవాడలో 19 ఏళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. డాక్టర్ని కాను. నా దగ్గరికి వచ్చే వాళ్లను చూసి, నేను చేసిన తప్పుల నుంచి, ఎవరిని వ్యాక్స్ చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపాలో తెలుసుకున్న అనుభవంతో రాస్తున్నాను.

ముందు అసలు ఏం జరిగిందో చెబుతాను. వ్యాక్స్ చేసినప్పుడు వెంట్రుక వేరుతో సహా వచ్చేస్తుంది. కొన్ని వారాలకు అదే కుదురు నుంచి కొత్త వెంట్రుక మొలుస్తుంది. దాని చివర సన్నగా, మెత్తగా ఉంటుంది. పైన చర్మం చచ్చిన పొరలతో మూసుకుపోయి ఉంటే అది పొడుచుకుని బయటికి రాలేదు. లోపలే పక్కకు తిరిగి చుట్టుకుంటుంది. తల వెంట్రుక తిన్నగా ఉన్నవాళ్లకు కూడా ఆ భాగంలో వెంట్రుక మందంగా, ఉంగరాలు తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవ ఎక్కువ. చర్మం లోపల తిరిగిన వెంట్రుకను మన ఒళ్లు ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది. వాపు, ఎరుపు, దురద, కొన్నిసార్లు కాస్త చీము, అన్నీ ఆ పోరాటమే. మీ ఇంట్లో నాన్నగారికో అన్నయ్యకో గడ్డం గీసుకున్నాక మెడ మీద బొబ్బల్లా లేవడం చూసే ఉంటారు, ఇదీ ఆ జాతిదే.

ఇంకో కారణం కూడా ఉంది, అది మీ తప్పు కాదు, పార్లర్ వాళ్లది. వెంట్రుక వేరుతో రాకుండా మధ్యలో, చర్మం మట్టానికి కిందే తెగిపోతుంది. అలా తెగిన మొండి లోపలే పెరగడం మొదలుపెడుతుంది. దీన్ని మీరే కనిపెట్టవచ్చు. ఈసారి తీసిన వ్యాక్స్ ముక్కను పారేయనివ్వకుండా ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడండి. వేరుతో వచ్చిన వెంట్రుక చివర తెల్లగా, చిన్న ఉబ్బులా కనిపిస్తుంది. మొండిగా, కత్తిరించినట్టు నల్లగా ఉంటే అది తెగిందని అర్థం. సగానికి సగం అలా ఉంటే ఆ పార్లర్ మార్చేయండి, మొహమాటం అక్కర్లేదు.

అన్నట్టు, ఇది వేడి చేయడం కాదు. మామిడిపళ్ల కాలంలో మా దగ్గరికి వచ్చే సగం మంది "ఒంట్లో వేడి చేసిందండీ, సెగ్గడ్డలు లేచాయి" అంటారు. సబ్జా నీళ్లు తాగండి, మజ్జిగ తాగండి, మంచిదే. కానీ చర్మం కింద చుట్టుకున్న వెంట్రుకకు మజ్జిగతో ఏ సంబంధమూ లేదు.

కాపడం ఎలా పెట్టాలంటే

మెత్తటి కాటన్ గుడ్డ, పాత చీర ముక్కో పంచె ముక్కో ఉతికి ఆరేసింది తీసుకోండి. వేడినీళ్లలో ముంచి పిండి, పసిపిల్లల స్నానానికి నీళ్లు చూసినట్టు మోచేతి లోపలివైపు పెట్టి చూసుకోండి. అక్కడ హాయిగా ఉంటే ఆ వేడి సరిపోతుంది. పొక్కుల మీద పెట్టి నొక్కకుండా ఊరికే పట్టుకోండి. చల్లారితే మళ్లీ ముంచండి. పది, పదిహేను నిమిషాలు. రోజూ గుడ్డ మార్చాలి. ఇస్త్రీపెట్టె మీద గుడ్డ వేడిచేసి పెట్టుకుని తొడ కాల్చుకున్న అమ్మాయిని చూశాను కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. ఆ భాగం చర్మం పలచన, త్వరగా కందుతుంది.

మూడు నాలుగు రోజులు ఇలా చేశాక కొన్ని పొక్కుల మీద వెంట్రుక పైకి తేలి కనిపిస్తుంది. ఇక్కడే అందరూ తొందరపడతారు. మీరు గుచ్చిన చోట వెంట్రుక ఇంకా లోపలే ఉంది, అందుకే రక్తం వచ్చింది. వెంట్రుక ఉంగరంలా చర్మం పైకి లేచి స్పష్టంగా కనబడితేనే ముట్టుకోవాలి. కనబడకపోతే లోపలికి తవ్వకూడదు.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండేళ్ల కిందట ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. ఎడమవైపు తొడ మడతలో ఒకటే పొక్కు, నెలరోజులుగా అలాగే ఉందట. లెన్స్ ఉన్న ల్యాంప్ కింద చూస్తే చర్మం అడుగున అరసున్నలా నల్లటి వంపు కనిపించింది. నేను ఆరోజు ముట్టుకోలేదు. వారం రోజులు కాపడం పెట్టుకుని రమ్మన్నాను. వచ్చేసరికి ఆ వంపు పైకి తేలి ఉంది. చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, చర్మాన్నీ ప్లక్కర్‌నీ సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, మొన ఆ వంపు కిందికి పోనిచ్చి మెల్లిగా పైకి ఎత్తాను. దారం ముడి విప్పినట్టు వెంట్రుక సాగుతూ వచ్చింది, దాదాపు అంగుళం ఉంది! ఇంత పొడుగు వెంట్రుక ఇన్నాళ్లూ ఆ కాస్త చోటులో చుట్ట చుట్టుకుని ఉందంటే ఆవిడ నమ్మలేదు. చివరను బయటికి తీశాను గానీ పీకలేదు. పీకేస్తే వాపు తగ్గకముందే అదే కుదురులో కొత్త వెంట్రుక మళ్లీ మెత్తటి చివరతో, మళ్లీ అదే దారిలో మొదలవుతుంది. బయటికి తీసి వదిలేస్తే వాపు దిగుతుంది. వారానికల్లా ఆవిడకు తగ్గింది.

మీకు చోటు సరిగా కనబడకపోయినా, అద్దం పెట్టుకుని వంకరగా కూర్చుని తీయాల్సి వస్తున్నా మీరు తీయవద్దు. స్కిన్ డాక్టర్ దగ్గర అది ఐదు నిమిషాల పని.

ఈలోగా ఏం రాయాలి అన్నారు. సబ్బు మార్చండి, వాసన లేనిది వాడండి. అలోవెరా జెల్ రాసుకోవచ్చు, అది చల్లగా ఉంటుంది, అంతకుమించి మహిమలు ఏమీ లేవు. డెటాల్ లాంటివి నీళ్లు కలపకుండా నేరుగా రాయకండి, కాలుతుంది. పసుపూ సున్నం కలిపి పట్టు వేయడం మన పెద్దవాళ్లు సెగ్గడ్డలకు చేసేవారు, అది ఈ చోటికి అస్సలు పనికిరాదు, సున్నం చర్మాన్ని తినేస్తుంది. టూత్‌పేస్ట్ కూడా అంతే. ఇవన్నీ రాసుకుని వచ్చినవాళ్లు ఉన్నారు, నేను ఊహించి చెప్పడం లేదు.

మందుల షాపులో దొరికే వాటిలో పనికొచ్చేది శాలిసిలిక్ యాసిడ్ 2 శాతం లోషన్. ఇది చచ్చిన పొరను కరిగించి వెంట్రుకకు దారి ఇస్తుంది. అయితే పచ్చిగా ఉన్న చర్మం మీద వద్దు, మీరు గుచ్చిన చోట మానేదాకా వద్దు. గజ్జల అంచున, బయటి చర్మం మీద మాత్రమే. లోపలి పెదవుల దగ్గరికి ఏ యాసిడూ పోకూడదు. మొదట పావలా బిళ్లంత చోట రాసి ఒక రోజు ఆగండి. మంట లేకపోతే రోజు విడిచి రోజు. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ కూడా కొందరికి డాక్టర్లు ఇస్తారు, అది రంగు బట్టల మీద తెల్ల మరకలు చేస్తుంది, తువ్వాలు జాగ్రత్త. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మొటిమలకు రాసే ట్రెటినాయిన్, అడాపలిన్ లాంటివి సొంతంగా వాడవద్దు.

ఇక షాపువాడు ఇచ్చే ట్యూబు. దీని గురించి నాకు కోపం ఉంది, కాస్త గట్టిగానే రాస్తాను. గజ్జల్లో దురద అనగానే చాలా షాపుల్లో చేతికిచ్చేది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము. రాసిన రోజే దురద పోతుంది. అందుకే జనానికి దాని మీద అంత నమ్మకం. మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఇలాంటి పొక్కులకే ఆ ట్యూబు మూడు నెలలు రాసింది. తొడల లోపలివైపు చర్మం పలచబడి, ఎర్రటి చారలు పడ్డాయి. దానికి తోడు తామర పట్టి తొడ సగం దాకా పాకింది. చారలు ఇప్పటికీ పోలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కౌంటర్ దగ్గర ఎవరు అడుగుతున్నారు చీటీ? ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్ అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. డాక్టర్ చూసి, ఇన్ని రోజులే అని చెప్పి రాస్తే అది వేరే విషయం.

నల్ల మచ్చ గురించి. మన చామనఛాయ ఒంటికి వాపు వచ్చి తగ్గిన ప్రతిచోటా మచ్చ మిగులుతుంది, దోమ కుట్టినా మిగులుతుంది. అది మురికి కాదు, రుద్దితే పోదు, రుద్దితే ఇంకా నల్లబడుతుంది. కొత్త పొక్కులు రాకుండా ఆపితే నెలల మీద దానంతటదే పలచబడుతుంది. మూడు నెలలు కావచ్చు, ఆరు నెలలు కావచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. తొందరైతే డాక్టర్‌ని అడిగి అజెలాయిక్ యాసిడ్ లాంటివి వాడొచ్చు. "ఇంటిమేట్ వైటెనింగ్" అని అమ్మేవాటికి డబ్బు తగలేయకండి. ఆ భాగం మిగతా ఒంటికంటే ఒక ఛాయ ముదురుగా ఉండటం ప్రతి ఆడపిల్లకూ సహజం. 19 ఏళ్లలో తెల్లగా ఉన్నవాళ్లను నేను చూడలేదు.

ఇక మూడోసారి వ్యాక్స్ గురించి. పొక్కులన్నీ పూర్తిగా తగ్గాలి, వెంట్రుక కనీసం బియ్యపు గింజంత పొడుగు పెరగాలి. అంటే వ్యాక్స్‌కీ వ్యాక్స్‌కీ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు. మీరు వచ్చే వారం వెళితే 19 రోజులే అవుతుంది. కురచ వెంట్రుకను వ్యాక్స్ పట్టుకోదు, తెంపుతుంది, మళ్లీ కథ మొదటికొస్తుంది. పైగా వాచిన చర్మం మీద వ్యాక్స్ వేస్తే చర్మం పొర కూడా ఊడి వస్తుంది. ఈమధ్యలో రేజరు కూడా పెట్టకండి. ఎక్కువమంది చేసే పని ఇదే: వ్యాక్స్ చేయించుకుంటారు, పదిహేను రోజులకు నాలుగు వెంట్రుకలు కనబడగానే బాత్‌రూమ్‌లో రేజరు తీస్తారు, మళ్లీ నా దగ్గరికి వచ్చి "మీ వ్యాక్స్ పడలేదండీ" అంటారు.

పార్లర్‌లో ఏం చూడాలో చెబుతాను. నేను ఈ పని నేర్చుకున్న చోట చేతులకు వాడే తేనె వ్యాక్సే బికినీకి కూడా వాడేవాళ్లు. గుడ్డ స్ట్రిప్ వేసి, జయప్రదంగా పైకి, ఆకాశంలోకి లాగేవాళ్లం. నేనూ మొదటి రెండేళ్లు అలాగే లాగాను. ఎంతమందికి పొక్కులు తెప్పించానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒకామె, టీచరు, వరుసగా మూడుసార్లు పొక్కులతో తిరిగి వచ్చింది. మూడోసారి నేను "మీ ఒంటి తత్వం అంతేనండీ" అన్నాను. తత్వం కాదు, నా చెయ్యి. తర్వాత హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర నెలరోజులు కూర్చుని చూశాక తెలిసింది.

ఆ భాగానికి స్ట్రిప్ లేకుండా తీసే గట్టి వ్యాక్స్ మేలు, బీన్స్ వ్యాక్స్ అంటాం. గింజల్లా వస్తుంది, హీటర్‌లో కరిగించి, వెంట్రుక పెరిగిన దిక్కున పూసి, ఆరాక అదే పట్టీలా ఊడదీస్తాం. అది చర్మాన్ని తక్కువ, వెంట్రుకను ఎక్కువ పట్టుకుంటుంది. చిన్న చిన్న ముక్కలుగా వేయాలి, ఎందుకంటే అక్కడ వెంట్రుక ఒకే దిక్కున పెరగదు. పైన కిందికి, పక్కన లోపలికి, సుడి తిరిగినట్టు ఉంటుంది. ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో పెరిగిన దిక్కుకు ఎదురుగా, చర్మానికి దగ్గరగా, ఒక్క ఊపులో లాగాలి. పైకి లాగితే తెగుతుంది. మెల్లిగా లాగినా తెగుతుంది. మీకు చేసే అమ్మాయి చర్మం పట్టుకోమని మీ చేతిని కూడా అడుగుతోందంటే పని తెలిసినదని అర్థం.

ఇంకొకటి, పుల్ల. వ్యాక్స్ పూసే చెక్కపుల్లను ఒకసారి మీ ఒంటికి తగిలాక మళ్లీ గిన్నెలో ముంచకూడదు. ప్రతి ముంపుకీ కొత్త పుల్ల. వ్యాక్స్ వేడికి క్రిములన్నీ చస్తాయి అని చెప్పే పార్లర్లు ఉన్నాయి. చావవు. చర్మం భరించేంత వేడి అందుకు చాలదు. ఎవరికైనా మలస్కం, హెర్పిస్ లాంటి అంటుకునే చర్మ వైరస్‌లు ఉంటే గిన్నెలోంచి మీదాకా రావచ్చు. "పుల్ల మారుస్తారా" అని ముందే ఫోన్‌లో అడగండి. విసుక్కుంటే వెళ్లకండి.

వెళ్లేముందు మీరు చెప్పవలసినవి కూడా ఉన్నాయి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఆపి ఆరు నెలలు కాకపోయినా వ్యాక్స్ వద్దు, చర్మం ఊడిపోతుంది. ఆ చోట రెటినాల్ రాస్తుంటే వారం ముందే ఆపాలి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తప్పకుండా చెప్పాలి. పీరియడ్స్‌కి ముందు రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువ తెలుస్తుందని నా కస్టమర్లు చాలామంది అంటారు, ఆ రోజులు తప్పించండి.

చేయించుకున్నాక మొదటి రెండు రోజులు వేడినీళ్ల స్నానం, జిమ్, పూల్, బిగుతు లెగ్గింగ్స్, జీన్స్, శారీరక కలయిక, అన్నీ బంద్. వెంట్రుక కుదుళ్లు తెరుచుకుని ఉంటాయి. మూడో రోజు నుంచి స్నానంలో తడి మెత్తటి గుడ్డతో గుండ్రంగా, బిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడవండి. వారానికి రెండుసార్లు చాలు. దీన్నే స్క్రబ్ అంటే మనవాళ్లకు వెంటనే బీరపీచు గుర్తొస్తుంది. ఒక పెళ్లికూతురు పొక్కులు పోవాలని పీచుతో రోజూ రుద్ది రుద్ది తొడలు కమిలిపోయి, పెళ్లికి నాలుగు రోజుల ముందు ఏడుస్తూ వచ్చింది. సున్నిపిండి గురించి అడుగుతారు. మెత్తగా జల్లించిన పెసరపిండి అయితే బయటి అంచున ఫర్వాలేదు. బరకగా మరపట్టించింది వద్దు. పొక్కులున్నప్పుడు ఏ పిండీ వద్దు.

ఇప్పుడు టెన్షన్ పడాల్సిన విషయాలు. కింద చెప్పేవి లోపలికి పెరిగిన వెంట్రుకలా కనిపిస్తాయి గానీ కావు, లేదా అది ముదిరింది.

జ్వరం, పొక్కు చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకడం, రేగిపండంత గడ్డ, గజ్జల్లో బిళ్ల కట్టడం ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉంటే ఇంకా ముందే.

ముత్యాల్లా నున్నగా, మధ్యలో చిన్న గుంటతో ఉంటే అది మలస్కం కావచ్చు, అంటుతుంది. గుత్తిగా చిన్న నీటి బొబ్బలు లేచి మంట పుడితే హెర్పిస్ కావచ్చు. యోని ద్వారం పక్కన ఒకవైపే మెత్తటి గడ్డ వాచి కూర్చోలేకపోతే అది వెంట్రుక పని కాదు, గైనకాలజిస్ట్ చూడాలి.

ఇంకొకటి ఉంది, దాని గురించి తెలియక ఏళ్ల తరబడి బాధపడేవాళ్లు ఉన్నారు. నా దగ్గరికి ముప్ఫై దాటినావిడ ఒకరు వచ్చేవారు. గజ్జల్లో నొప్పిగా గడ్డలు, తగ్గుతాయి, మళ్లీ అదే చోట వస్తాయి. "వ్యాక్స్ పడటం లేదు" అనుకుంటూ మూడు పార్లర్లు మార్చారట. చంకల్లో చూపించమంటే అక్కడా పాత మచ్చలు, తాళ్లలా గట్టిపడిన చారలు ఉన్నాయి. నేను వ్యాక్స్ చేయనని చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది కూడా. బలవంతంగా స్కిన్ డాక్టర్ దగ్గరికి పంపిస్తే హైడ్రాడినైటిస్ సప్పురేటివా అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి అని తేలింది. దానికి వేరే వైద్యం, చాలాకాలం వాడాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద గడ్డలు తిరిగి తిరిగి వస్తుంటే ఈ పేరు చెప్పి డాక్టర్‌ని అడగండి.

సిగ్గు గురించి కూడా రాశారు, అమ్మకు చెప్పలేకపోతున్నానని. చెప్పనక్కర్లేదు. లేడీ డాక్టర్ కావాలని అడిగే హక్కు మీకుంది. వాళ్లు రోజుకు పదిమందిని చూస్తారు, మీ ముఖం కూడా గుర్తుండదు.

శుభ్రత కోసం తీయాల్సిందేనా అని చివర్లో ఒక మాట అడిగారు. అక్కర్లేదు. ఆ వెంట్రుక ఒరుపు నుంచి కాపాడటానికే ఉంది. నీళ్లతో కడుక్కుంటే శుభ్రమే. ఒకప్పుడు కాన్పుకు ముందు ఆసుపత్రిలో అందరికీ షేవ్ చేసేవారు, మా అమ్మ తరం వాళ్లను అడగండి, ఆ బ్లేడు గాట్ల మంట కథలు చెబుతారు. మామూలు కాన్పుకు అలా చేయనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. ఈ పూర్తిగా తీసేసే ఫ్యాషన్ కూడా పురాతనమేం కాదు. న్యూయార్క్‌లో ఏడుగురు బ్రెజిల్ అక్కచెల్లెళ్లు 1987లో తెరిచిన జె సిస్టర్స్ సెలూన్ నుంచి బ్రెజిలియన్ వ్యాక్స్ పేరు ఊరూరా పాకింది. మా విజయవాడ దాకా వచ్చి నాకు అన్నం పెడుతోంది కాబట్టి నేను తిట్టలేను. కానీ మీకు ఇష్టమైతే చేయించుకోండి, ఎవరో శుభ్రం కాదన్నారని కాదు.

నిజానికి పొక్కులు దాదాపు రాని పద్ధతి ఒకటుంది, అందులో నాకు పైసా రాదు. ట్రిమ్మర్. చర్మానికి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తే చివర ఎప్పుడూ బయటే ఉంటుంది, లోపలికి తిరిగే ప్రశ్నే లేదు. క్యాప్ పెట్టి వాడండి, ముఖానికి వాడేది వేరే ఉంచుకోండి. రెండు మూడుసార్లు పని తెలిసినవాళ్ల దగ్గర సరిగా వ్యాక్స్ చేయించుకున్నా పొక్కులు వస్తూనే ఉంటే ఇక నేను చెప్పేది ట్రిమ్మరే, లేదంటే లేజర్.

లేజర్ ఖర్చుతో కూడిన పని. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు, మధ్యలో నెలో నెలన్నరో గ్యాప్. పూర్తిగా పోవడం కాదు, బాగా తగ్గుతుంది, ఉన్నవి సన్నబడతాయి, కాబట్టి ఇలాంటి పొక్కులు కూడా తగ్గుతాయి. మన రంగుకు ఏ మెషీన్ వాడుతున్నారని అడగండి. ముదురు ఛాయకు లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ సురక్షితమైనదని డాక్టర్లు చెబుతారు, డయోడ్ అనే రకం కూడా చాలాచోట్ల వాడతారు. డిస్కౌంట్ కూపన్ చూసి వెళ్లి కాల్చుకుని మచ్చలతో వచ్చినవాళ్లను చూశాను, అందుకే స్కిన్ డాక్టర్ ఉన్నచోటికే వెళ్లండి. సిట్టింగుల మధ్య వ్యాక్స్, ప్లక్కింగ్ చేయకూడదు. లేజర్‌కి కుదురులో వెంట్రుక ఉండాలి, మీరు పీకేస్తే అది దేన్ని పట్టుకుంటుంది? పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) ఉంటే ముందే చెప్పండి, వాళ్లకు సిట్టింగులు ఎక్కువ పట్టవచ్చు.

చివరిగా మీ ఈత. ఈ పొక్కులు మానేదాకా వారం పదిరోజులు పూల్ మానేయండి, గుచ్చిన చోట పచ్చిగా ఉంటే మరీను. ఆ తర్వాత మాత్రం క్లాస్ మానొద్దు. తొడ సగం దాకా షార్ట్స్ ఉండే స్విమ్ సూట్లు దొరుకుతాయి, మా అమ్మాయి అదే వేసుకుంటుంది, దాంతో ఆ అంచు వెంట్రుక సంగతే గుర్తుండదు. మీది తొడ మడతలో ఎలాస్టిక్ నొక్కే రకమైతే మీకు పొక్కులు వచ్చిన గీత సరిగ్గా ఆ ఎలాస్టిక్ గీతేనేమో ఒకసారి అద్దంలో చూసుకోండి. నీళ్లలోంచి బయటికి రాగానే తడి బట్టలతో ఫ్రెండ్స్‌తో కబుర్లకు కూర్చోకండి. మామూలు నీళ్లతో క్లోరిన్ కడిగేసుకుని, తుడుచుకుని, పొడి కాటన్‌లోకి మారండి. పది రోజులు కాపడం పెట్టాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. ఫోటోలు మాత్రం పెట్టకండి, ఎవరు అడిగినా.